ప్రపంచసభలును శివారు రైతును

అంతర్జాతీయ సంస్థల పేరెత్తినంతనే పెదవి విఱుచుట నేఁడు విద్యావంతుల యిండ్లలో నొక వివేకలక్షణముగాఁ జెల్లుచున్నది. ఐక్యరాజ్యసమితి యనిన నవ్వుదురు. భద్రతామండలి యనిన నైదుగురు జమీందారుల చావడి యందురు. ప్రపంచ వాణిజ్య సంస్థ యనిన ధనికదేశములవారు పేదల మూటలు విప్పుటకుఁ బన్నిన పన్నుగడ యందురు. పెద్దరాజ్యములు తమలోఁ దాము పోరాడుచుండఁగా నీ సభలు చేయఁగలిగిన దేమి, వీనిని నమ్మి బాగుపడినవా రెవ్వరు, మన బలమే మనకు దిక్కు గాదా యని ప్రశ్నింతురు. ఇరువదియైదేండ్ల క్రిందట నీ యిండ్లలోనే వేఱొక పాట వినఁబడుచుండెను. ప్రపంచమంతయు నొక్క కుటుంబమైపోయెననియు, సరిహద్దులు చెరిగిపోయెననియు, జెనీవాలో వ్రాసిన కాగితమే ధర్మశాస్త్రమనియు నమ్మి చేతులు జోడించినవారే నేఁడు చేతులు దులుపుకొనుచున్నారు. నాఁటి భక్తియు నేఁటి విరక్తియు నొక్క తల్లి బిడ్డలే. రెండింటికిని మూలము లెక్క చూడని సోమరితనము.

దివిసీమ శివారు రైతునకు ఈ రెండు జబ్బులును లేవు. బెజవాడయొద్ద 1855వ సంవత్సరమునఁ గృష్ణ ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టాకుఁ గాలువలు వచ్చినవి; అతఁడు ఆ కాలువల చివరను ఉన్నాఁడు. నీరు పులిగడ్డ అక్విడక్టు దాఁటి కోడూరు, నాగాయలంక పొలములకుఁ జేరునప్పటికి, ఎగువ తూములన్నియుఁ ద్రాగి విడిచినదే యతని పాలికి వచ్చును. ఎగువరైతు బలవంతుఁడనియు, అధికారులతోఁ బరిచయము గలవాఁడనియు, అర్ధరాత్రమునఁ దలుపెత్తి నీరు మళ్లించుకొనఁ గలఁడనియు నతఁ డెఱుఁగును. అయినను, ఎగువవాఁడు దొంగ గనుక కాలువ పూడ్చివేయుఁడని యే శివారు రైతును అనఁడు. ఎగువవాఁడు ధర్మాత్ముఁడు గనుక మన వంతు దానంతట నదే వచ్చునని యింటఁ బండుకొనఁడు. తనవంటి పదిమందిని వెంటఁబెట్టుకొని గట్టుమీఁదికి నడచును. లస్కరును నిలవేసి యడుగును. వంతుల పట్టికను బయటఁ బెట్టుమనును. వంతు వచ్చిన రాత్రి తూముకడనే కాపుండును. అతని నమ్మకము ఎగువవాని మంచితనమునందుఁ గాదు. వంతు వ్రాయఁబడి యున్నదనుటయందు. వ్రాసిన వంతున్నంతకాలము అతఁడు నీటిని యాచింపనక్కఱలేదు, హక్కుగా నడుగవచ్చును. వంతు చెరిగిపోయిననాఁడు మిగులునది యాచనయో కొట్లాటయో మాత్రమే.

ప్రపంచసభలయెడ మనకుఁ దగిన నమ్మకము ఈ శివారు రైతు నమ్మకమే యని నా వాదము. అది భక్తి కాదు, విరక్తి కాదు. లెక్క యడుగు నమ్మకము.

ఇవి దూరపు సంగతులు, జెనీవాలో నెవరేమి వ్రాసికొన్న మనకేమి యనువారు హంసలదీవికి వచ్చి చూతురుగాక. కృష్ణ సముద్రమునఁ గలియు నా యిసుకతిన్నెలమీఁదికిఁ బ్రతి సంవత్సరమును ఆలివ్ రిడ్లీ యను జాతి సముద్రపుఁ దాఁబేళ్లు వచ్చి గ్రుడ్లు పెట్టును. అటవీశాఖవారు ఆ గ్రుడ్లను సేకరించి, కంచెలలోఁ గాపాడి, పిల్లలను నీట విడుచుచుందురు. అదే సముద్రమున మరపడవలవారు రొయ్యలకై ట్రాలు వలలు లాగుదురు. తీరమునకు లోపల, ఒకప్పుడు వరి పండిన నేలలలోను, ఏమియుఁ బండని చౌటినేలలలోను, నాగాయలంక మొదలుకొని గుడివాడ, కైకలూరు ప్రాంతములవఱకుఁ జేఁపల చెఱువులు, రొయ్యల చెఱువులు పరచుకొని యున్నవి. ఇంత మాఱుమూల తీరమునఁ దిరుగు ఆ తాఁబేలును ఆ రొయ్యయు జెనీవా న్యాయస్థానపు మెట్లెక్కినవి.

1989లో అమెరికా యొక శాసనము చేసెను. వలఁ జిక్కిన తాఁబేలు తప్పించుకొని పోవుటకుఁ గవాటమువంటి సాధనమును వలలో నమర్పని దేశములనుండి సముద్రపు రొయ్యలు కొనరాదనుట దాని సారము. 1996లో దానిని మనవంటి దేశములకుఁ గూడ వర్తింపఁజేసిరి. భారతదేశము, పాకిస్తాను, మలేషియా, థాయిలాండు కలసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసినవి. చదువరులు ఇచట నొక్క తేదీని గమనింపవలెను. ఆ వ్యాజ్యమున మొదటి తీర్పు 1998 మే 15వ తేదీన వెలువడెను. పోఖరాన్‌లో మన అణుపరీక్షలు జరిగినది అదే మే 11, 13 తేదీలలో; పాకిస్తాను తన పరీక్షలు జరిపినది ఆ నెల చివర. రెండు దేశములును ఒండొంటికి అణ్వస్త్రములు చూపుకొనుచున్న యా సంవత్సరముననే, జెనీవాలో రెండును ఒకే పక్షమున నిలిచి, రొయ్యలు పట్టువాని తరఫున వాదించుచుండెను.

1998 అక్టోబరు 12న అప్పీలు మండలి తుది తీర్పు చెప్పెను. అది మనకుఁ బూర్తి విజయమును ఈయలేదు. తాఁబేలును రక్షింపఁ జూచుట తప్పు కాదనెను. ఆ రక్షణను పక్షపాతముతో నడపుట తప్పనెను. తనకు సమీపమున నున్న కరిబియన్ దేశములకు మూఁడేండ్ల గడువిచ్చిన అమెరికా, ఆసియా దేశములకు నాలుగు నెలల గడువే యిచ్చెనని యెత్తిచూపెను. అమెరికా తన నియమములను సవరించుకొనెను. ఆ సవరణ చాలదని మలేషియా మరల వాదింపఁగా, 2001లో నా వాదమును త్రోసివేసిరి. బలవంతునికి నీ పక్షపాతము తప్పనియు, బలహీనునికి నీ వల తాఁబేలును జంపుచున్నదనియు, ఒక్క నోటఁ జెప్పిన న్యాయస్థానమది. ఇట్టి మాట మన యూరి పంచాయతీలలో నెన్నిసార్లు విన్నాము?

రెండవ వ్యాజ్యము చెఱువు రొయ్యకు మఱింత సమీపమైనది. మన రొయ్యలు చౌకగాఁ గుమ్మరింపఁబడుచున్నవని 2005లో అమెరికా అదనపు సుంకము విధించెను. అంతటితో నాఁగక, రాఁబోవు సుంకమునకుఁ గాను దిగుమతిదారులు పెద్దమొత్తములకు ముందుగానే హామీపత్రములు వ్రాసి యీయవలెనని నిర్బంధించెను. సుంకముకంటె నీ హామీయే వ్యాపారి గొంతుకు ఉరియయ్యెను. భారతదేశమును థాయిలాండును ఫిర్యాదు చేయఁగా 2008లో అప్పీలు మండలి యా హామీనిబంధన చెల్లదని తీర్పుచెప్పెను. పిమ్మట అమెరికా దానిని ఎత్తివేసెను. తుపాకి పేలలేదు. ఓడ కదలలేదు. భూమిమీఁద నెల్ల బలవంతమైన రాజ్యము ఒక తీర్పును చదివి తన చట్టమును దిద్దుకొనెను.

అయిన నా న్యాయస్థాన మేమయ్యెనని విరక్తులు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. అప్పీలు మండలిలో నేడుగురు సభ్యులుండవలెను. ఒక్కొక్క వ్యాజ్యమును ముగ్గురు వినవలెను. ఒక్కొక్కరి గడువు తీఱుచుండఁగాఁ గొత్తవారి నియామకమునకు సభ్యదేశములన్నియు నంగీకరింపవలెను. అమెరికా యంగీకరింపలేదు. ఒక్క యధ్యక్షుని కాలమునఁ గాదు, ఒక్క పార్టీ యేలుబడిలోఁ గాదు. వరుసగా ననేక సంవత్సరములు అడ్డుపడెను. 2019 డిసెంబరు నాఁటికి ముగ్గురు లేక మండలి మూగవోయెను; 2020 నవంబరు చివరకుఁ గడపటి సభ్యుఁడును వెడలిపోయెను. నాఁటినుండి కుర్చీలు ఖాళీగా నున్నవి.

దాని ఫలము చెఱువుగట్టున నున్నవానికి 2025లోఁ దెలిసివచ్చెను. ఆ యేఁడు ఆగష్టు 7నుండి అమెరికా భారతీయ వస్తువులపై 25 శాతము సుంకము వేసెను. ఆగష్టు 27నుండి మఱియొక 25 శాతము చేర్చెను. రెండవ దానికిఁ జెప్పిన కారణము రొయ్య కాదు, తాఁబేలు కాదు. భారతదేశము రష్యానుండి చమురు కొనుచున్నదనుట. ఆ చమురును మనకంటె నెక్కువగాఁ గొనుచుండిన చైనామీఁద నట్టి కారణముతో నాఁడు సుంకము పడలేదు. 2023-24లో భారతదేశము ఎగుమతి చేసిన ఘనీభవించిన రొయ్యలు సుమారు 7 లక్షల 16 వేల టన్నులు. అందులో 2 లక్షల 97 వేల టన్నులు అమెరికాకే పోయినవి. ఆ రొయ్యలలో నధికభాగము ఆంధ్రతీరముది. ఉక్రెయిన్ యుద్ధముతో నేసంబంధమును లేని నాగాయలంక రైతు, మేఁత యప్పు నెత్తినఁ బెట్టుకొని, రెండు మహారాజ్యముల పోరునకుఁ బన్ను కట్టవలసివచ్చెను. అట్టి సుంకము తరువాతి బేరములలోఁ దగ్గవచ్చును, పెరుఁగవచ్చును. ఒక యాజ్ఞతో వచ్చినది మఱొక యాజ్ఞతోఁ బోవును. అదియే వంతులేని కాలువ లక్షణము.

ఇదిగో, సంస్థలు పనికిరావని ఋజువైనదిగదా యని విరక్తులు చప్పట్లు కొట్టుదురు. నే నిందుండి దానికి సరిగా వ్యతిరేకమైన నీతిని దీయుచున్నాను. ఆ న్యాయస్థానము వట్టి బూటకమే యైనచో, దానిని మూయుటకుఁ బెద్దరాజ్యము ఇన్నేండ్లు శ్రమపడనేల? పట్టని తాళమును ఏ దొంగయుఁ బగులఁగొట్టఁడు. తీర్పులు తనకు వ్యతిరేకముగా వచ్చుచుండెను గనుకనే, వానిని పాటింపవలసి వచ్చుచుండెను గనుకనే, అది కుర్చీలు ఖాళీచేయించెను. ఈ సంస్థ మనకుఁ బనికిరాలేదను వాఁడు, దానిని ఖాళీచేయించినవాని మాటనే తెలియక వల్లించుచున్నాఁడు. ఎగువరైతునకుఁ గావలసినది గూడ నదియే: శివారువాఁడు విసిగి గట్టు విడిచి యింటికిఁ బోవుట.

మఱియొక నిజమును మనము దాఁచరాదు. ఆ ఖాళీ కుర్చీ చాటున మనమును నక్కితిమి. మన చెఱకు చక్కెర రాయితీలు నియమవిరుద్ధములని బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటిమాల ఫిర్యాదు చేయఁగా, 2021 డిసెంబరులోఁ దీర్పు మనకుఁ బ్రతికూలముగా వచ్చెను. పిమ్మట భారతదేశము దానిపై నప్పీలు చేసెను. వినువారు లేరని తెలిసియే చేసిన యప్పీలది. వినువారు లేరు గనుక తీర్పు అమలు గాక నిలిచిపోయెను. ఉయ్యూరు చెఱకు రైతున కిది లాభమే కావచ్చును. కాని రొయ్యకు న్యాయస్థానము కావలెను, చెఱకునకు వలదు అను వాదము ఎంత దూరము నడచును? అప్పీలు మండలి లేని కాలమునఁ దాత్కాలికముగా నొక యేర్పాటు చేసికొందమని ఐరోపా దేశములు, చైనా మొదలైనవి 2020లో నొడంబడినపుడు, భారతదేశ మందులోఁ జేరలేదు. చేరకపోవుటకుఁ గారణము లుండవచ్చును. ఆ కారణములను రొయ్యల రైతునకు వాని భాషలోఁ జెప్పిన వారెవ్వరు? ఎగువవాఁడు తలుపెత్తినాఁడని కేకలు వేయుచు, మన పొలము ప్రక్క గట్టుకు మనమే గండి కొట్టితిమేని, వంతు మాట యెత్తుటకు మనకు నోరుండదు.

సభలు, నియమములు ఎందుకు, బలము సంపాదించుకొన్నఁ జాలదా యనువారికి మన తీరముకంటె మంచి పాఠశాల లేదు. వంతు వ్రాయని కాలమున బందరు బ్రతుకు ఎట్టిదో చరిత్ర చెప్పుచున్నది. మచిలీపట్టణమున డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను వర్తకశాలలు పెట్టిరి. మన అద్దకపు బట్టలు సముద్రములు దాఁటినవి. కాని వాని వెంట వచ్చిన పోరును ఆపు సభ యెచ్చటను లేదు. 1750 ప్రాంతమున మచిలీపట్టణమును దివియు ఫ్రెంచివారి చేతఁ బడెను. 1754 చివర నీ రెండు కంపెనీలవారు చేసికొన్న తాత్కాలికపు ఒడంబడికలో, తమ బలము సమతూకముగా నుండునట్లు మచిలీపట్టణమును దివిని పంచుకొను మాట గూడ నుండెను. దివివాసుల నెవరైన నడిగిరా? అడుగు ఆచారమే లేదు. 1759 ఏప్రిలులోఁ గర్నల్ ఫోర్డు రాత్రివేళ బందరు కోట నెక్కి పట్టుకొనెను. మే నెలలో సలాబత్ జంగు ఆ సీమను ఇంగ్లీషువారికి వ్రాసి యిచ్చెను.

ఇఁక 1763 పారిసు సంధి చూడుఁడు. అందుఁ బదునొకండవ షరతు ప్రకారము ఇంగ్లీషువారును ఫ్రెంచివారును సలాబత్ జంగునే దక్కను సుబాదారుగా నంగీకరించిరి. అప్పటికి నతఁడు సుబాదారు కాఁడు. అంతకుముందటి యేఁడే తమ్ముఁడు నిజాము అలీ యతనిని బంధించి గద్దె నెక్కియుండెను. ఐరోపాలో నతనికి రాజ్యమిచ్చిన యా సంవత్సరమే అతఁడు చెఱలోఁ జనిపోయెను. మనలను గుఱించి, మనలో నొక్కరినైన నడుగక, మన దేశమున నేమి జరుగుచున్నదో తెలియకయే రెండు పెద్దరాజ్యములు వ్రాసికొన్న కాగితమది. సంస్థలు లేని లోకమన్న నిదియే. నాఁడు దివిసీమ ఒడంబడికలోని వస్తువు. 1998లో అదే తీరపు రొయ్యపట్టువాని తరఫున నొక దేశము వాదియై నిలిచెను. వస్తువునకును వాదికిని గల భేదమే రెండువందల యేండ్ల రాజకీయాభ్యుదయపు సారము. దానిని పెదవి విఱుపుతోఁ బాఱవేయుదమా?

అట్లని సభలన్నియు నొక్కతీరువి కావు. కొలుచుటకు మూఁడు ప్రశ్నలు చాలును. వ్రాసినవానిని గూడ నా వ్రాఁత కట్టునా? బలహీనుఁడు మధ్యవర్తి లేక తానే ఫిర్యాదు చేయఁగలఁడా? ఒక్క బలవంతుఁడు అలిగి లేచిపోయినఁ బని నిలిచిపోవునా?

భద్రతామండలి మొదటి ప్రశ్నకడనే తప్పెను. 1945లోఁ దూము తాళపుచెవులు ఐదుగురు ఎగువవారి మొలనే కట్టిరి. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ విషయమున రష్యా వీటో ప్రయోగించెను. 2023 డిసెంబరులోను 2024 నవంబరులోను గాజాలో యుద్ధవిరామపు తీర్మానములకు అమెరికా వీటో ప్రయోగించెను. తన చేత తాళమున్నపు డిద్దఱును ఒక్కటే. రష్యాపై తీర్మానము వచ్చిననాఁడు మన ప్రతినిధి యే పక్షమునకును వోటు వేయలేదు. మండలిలో శాశ్వతస్థానము కోరుచున్న దేశము, తాళము చేతికి వచ్చినచో దానితో నేమి చేయునో ముందుగాఁ జెప్పవలెను. వాణిజ్య న్యాయస్థానము మొదటి రెండు ప్రశ్నలకు నిలిచి మూఁడవదానికడఁ గూలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు మూఁడవ ప్రశ్నయే పరీక్షగా వచ్చినది. 2025 జనవరి 20న అమెరికా దానినుండి తొలఁగుదునని ప్రకటింపఁగా, దాని ఖజానాలో నెంతభాగ మొక్క దేశపు దయమీఁద నుండెనో లోకమునకుఁ దెలిసెను.

మూఁడు ప్రశ్నలకును చాలవఱకు నిలిచిన సంస్థ యొకటి కలదు. దాని పేరు మన యిండ్లలో నెవ్వరు నెత్తరు; దానిమీఁదనే హంసలదీవి ప్రాణ మాధారపడి యున్నది. అది ప్రపంచ వాతావరణ సంస్థ.

గాలికి సరిహద్దు లేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మచిలీపట్టణ ప్రాంతమున సుమారు ముప్పదివేలమంది చనిపోయిరి. ఆ యేఁడే అక్టోబరులోఁ గలకత్తాను మఱియొక తుపాను ముంచెను. ఈ విపత్తుల పిమ్మటనే మనదేశమున 1875లో వాతావరణశాఖ యేర్పడెను. కాని యొక దేశపు శాఖ తన యాకాశమును మాత్రమే చూచిన లాభము లేదు. బంగాళాఖాతమున నేర్పడిన గుండమును కనుగొనుటకు బర్మా, సింహళము, అండమాను, నడిసముద్రపు టోడలు అన్నియు నేకకాలమున వార్త చెప్పవలెను. 1961లో ఐక్యరాజ్యసమితి వాతావరణ పరిశీలనయందు దేశములన్నియుఁ దోడ్పడవలెనని తీర్మానించెను. మఱుసటి యేఁడు క్యూబా విషయమున అమెరికా, రష్యాలు అణుయుద్ధపు అంచుదాఁక నడచినవి. అయినను 1963లోఁ బ్రపంచ వాతావరణ పరిశీలన వ్యవస్థ స్థాపింపఁబడెను. దాని మూఁడు ప్రపంచకేంద్రములు వాషింగ్టను, మాస్కో, మెల్బోర్ను. ఒకరి పట్టణములపై నొకరు క్షిపణులు గుఱిపెట్టుకొన్న యా రెండు రాజ్యములును, గాలివార్తను మాత్రము ఒకరికొకరు దాఁచుకొనక పంచుకొనినవి. 1971 యుద్ధపు గాయములు ఆఱక మునుపే, 1972లో బంగాళాఖాతపు దేశములకుఁ దుపానుల మండలి యేర్పడెను. అందు భారతదేశమును పాకిస్తానును సభ్యులే. 2010 మేలో బాపట్లయొద్ద తీరము దాఁటిన తుపానునకు లైలా యను పేరు పాకిస్తాను సూచించినది. 2023 డిసెంబరులో నాప్రాంతముననే తీరము దాఁటిన మిచౌంగునకు మయన్మారు పేరుపెట్టినది. పేరు శత్రువిచ్చినదని యెవరైనఁ దుపాను హెచ్చరికను వినక మానిరా?

ఈ సంస్థ యేల నిలిచెను, ఆ న్యాయస్థాన మేల కూలెను? ఇందలి పని యొక్క నాఁటి తీర్పు కాదు. ప్రతిదినమును ప్రతిదేశమును ఇచ్చిపుచ్చుకొను వాడుక. ఇచ్చువాఁడు తీసికొనువాఁడును గనుక, మానిన వాఁడు తానే గ్రుడ్డివాఁడగును. సంస్థకుఁ బ్రాణము సంతకములలోఁ గాక వాడుకలో నున్నపుడు, పెద్దల పగ దానిని గాయపఱపఁగలదు గాని చంపలేదు.

ఐనను ఇచ్చటనే నమ్మకమునకు రెండవ సగము గలదు. అది మన చేతిలోనిది. 1977 నవంబరు 19న దివిసీమ నుప్పెన ముంచినపుడు సుమారు పదివేలమంది చనిపోయిరి. తుపాను వచ్చుచున్నదని వాతావరణశాఖ యెఱుఁగును, రేడియో హెచ్చరించెను. కాని సముద్రపుటొడ్డు గుడిసెలకు ఆ మాట వేళకుఁ జేరలేదు. చేరినచోట నేమి చేయవలెనో, ఎచ్చటికిఁ బోవలెనో చెప్పిన వారు లేరు. ఎక్కుటకు గట్టి మిద్దెలు లేవు. ప్రపంచపు కాలువలో నీరు వచ్చెను, చివరి బోదె త్రవ్వలేదు. ఆ బోదె త్రవ్వవలసినది జెనీవా కాదు, మనము. తరువాతి కాలమునఁ దుపాను రక్షణభవనములు కట్టిరి. మచిలీపట్టణమున రాడారు నిలిపిరి. వేలమందిని ముందుగాఁ దరలించు నలవాటు వచ్చెను. 1977 తరువాత నా తీరమున నంతటి ప్రాణనష్ట మే తుపానువలనను మరల గలుగలేదు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు లోపము ప్రపంచముది. పసిఫిక్ తీరపు దేశములకు 1965నుండి యునెస్కో యాధ్వర్యమున సునామీ హెచ్చరిక వ్యవస్థ యుండెను, హిందూమహాసముద్రమునకు లేదు. సుమత్రాకడ భూమి కంపించిన పిమ్మట అలలు మన తీరమును జేరుటకు రెండు గంటలకుఁ బైగాఁ బట్టెను. ఆ రెండు గంటలు నెవ్వరు నెవ్వరికిని చెప్పలేదు. ఆంధ్రతీరమున నూఱుమందికిఁ బైగాఁ జనిపోయిరి. మంగినపూడి యొడ్డునను శవములు తేలినవి. ఆ తరువాతనే యునెస్కో సముద్రశాఖ హిందూమహాసముద్రమునకును వ్యవస్థ నేర్పఱచెను. 2007 అక్టోబరులో హైదరాబాదున మన సునామీ కేంద్రము ప్రారంభమయ్యెను. 2011నుండి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతోఁ బాటు నది యీ సముద్రపు దేశములన్నింటికిని హెచ్చరిక చెప్పు బాధ్యత వహించినది. ఈ విషయమున మనమే ఎగువరైతులము. తెలుగుదేశపు నడుమ నున్న యా కేంద్రమునుండి సింహళమునకును, పాకిస్తానునకును, ఆఫ్రికా తీరమునకును వార్త పోవును. ఎగువవాఁడెట్లుండవలెనని మనము కోరుదుమో, అట్లు మనముండి చూపుటకు నిది తగిన తావు.

కావున మన కర్తవ్య మేమి? మొదటిది, ప్రపంచసభల తీర్పులు, ఒడంబడికలు మన రొయ్యను, చెఱకును, వలను తాఁకినపుడు, వాని సారాంశమును తెలుఁగులో నచ్చొత్తించి జిల్లాలకుఁ బంపవలెనని ప్రభుత్వమును బలవంతపెట్టుట. తనమీఁద నడచిన వ్యాజ్యమును తన భాషలోఁ జదువఁజాలని రైతునకు నమ్మకము పుట్టదు, పుకారు పుట్టును. రెండవది, ఖాళీ కుర్చీలు నింపుటకు మన ప్రభుత్వ మేమి చేసెనో, తాత్కాలికపు టేర్పాటులో నేల చేరలేదో, మన ప్రతినిధులను చట్టసభలలోఁ బేరుపెట్టి యడిగించుట. మూఁడవది, మనకుఁ బ్రతికూలమైన తీర్పును గూడ మన్నింప వలెనని చెప్పు ధైర్యము మన పత్రికలకుండుట. నాలుగవది, గాలివార్తను, సముద్రవార్తను ఏ రాజకీయకోపముచేతను ఏ రాజ్యమును ఆపరాదని మన దేశమే ముందు నిలిచి పట్టుపట్టుట. ఇంటిలో బిడ్డలకు దేశభక్తి నేర్పు తల్లులు, తుపాను పేరు పాకిస్తాను పెట్టినదని గూడ నేర్పుదురుగాక. దేశభక్తి కది తక్కువ చేయదు, తెలివి నధికము చేయును.

పెద్దరాజ్యముల పగ మనము తీర్పఁగలిగినది కాదు. ఏనుఁగులు పోరాడునప్పుడు నలఁగునది గడ్డి యందురు. కాని మనము గడ్డి కాము, గట్టున నిలువఁగల మనుష్యులము. నమ్ముట యనఁగాఁ గన్నులు మూసికొనుట కాదు. కన్నులు తెఱచి కాపుండుట. ఎగువవాని దయచేత శివారున నేనాఁడును పంట పండలేదు. వంతు కాగితమును చేతఁ బట్టుకొని రాత్రియెల్ల తూముకడ మేలుకొన్నవారి వలననే పండెను. ఆ కాగితము చిరిఁగిన దని వినిపించుచున్నది. చిరిఁగినదానిని అతికించుటకుఁ బూనుకొనవలసినవారు చించినవారు కారు. దానితో నవసరముగల మనమే.